పచ్చబుట్టలో ఉప్పు

"సంతకం పెడతావా, పెట్టవా వదినా? ఒక్క ముక్కలో సెప్పు."

దుర్గాదేవి కాగితాన్ని అరుగు మీద పరిచి, గాలికి ఎగరకుండా దాని మీద పెన్ను పెట్టింది. పదకొండు ఇళ్ళ వాళ్ళ సంతకాలున్నాయి. పన్నెండో గీత ఖాళీగా ఉంది. దాని పక్కన ముందే రాసేసింది: రూపాదేవి, వీధి లీడరు.

రూపాదేవి ఆ గీత వైపు చూడలేదు. మెట్టు మీదున్న ట్రే వైపే చూస్తోంది.

ట్రేలో వంగనారు. వేలెడంత మొక్కలు ఆకుల అంచులు మాడిపోయి, ఒకదాని మీద ఒకటి వాలిపోయి ఉన్నాయి. అలాంటి ట్రేలు గోవిందరావు దొడ్లో ఇంకో నలభై ఉన్నాయి. రోలుగుంట దగ్గరున్న అరెకరంలో ఈ వారం నాటాల్సిన నారు అది. అన్నిటికీ రూపాదేవి పెరటి డ్రమ్ముల్లో వంటింటి చెత్తతో తయారైన ఎరువే వేశాడాయన. ఈ వీధి మొత్తం మీద మొదట నమ్మింది ఆయనే.

"తిట్టడానికి రాలేదమ్మా," అన్నాడు గోవిందరావు. స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. గోవాడ చక్కెర ఫ్యాక్టరీలో పని చేసి రిటైరైన మనిషి. గొంతు పెంచడం ఆయనకు రాదు. "నారు పోతే మళ్ళీ పోసుకుంటాను. కానీ రైతు కేంద్రంలో అమ్మాయి ఎరువు పరీక్ష సేసి ఏటందో విన్నావు కదా. సాల్టంట. మొక్క బతకలేనంత సాల్టంట. అది దానంతట అది పుట్టదు కదా. ఎవరో ఎయ్యాల."

"ఎవరో ఏటి బాబాయ్, సిన్నమ్మే," అంది దుర్గాదేవి. "పొద్దున్నే దొడ్లోకొచ్చి డ్రమ్ములు కలిపేది అదొక్కత్తే. ఇదివరకు వీధిలో ప్లాస్టిక్కూ అట్టపెట్టెలూ అన్నీ అదే పట్టికెళ్ళి అమ్ముకునేది. వదిన మహిళా సంఘం పేరు సెప్పి ఆపించేసింది. కడుపు మండదేటి? సాల్టు గుమ్మరించేసింది."

గడప లోపల రాజులమ్మ చేటలో తోటకూర బాగుచేస్తోంది. రూపాదేవి అత్తగారు. డెబ్భై రెండేళ్ళు. చెవులు సగం పనిచేస్తాయి, కళ్ళు మాత్రం పూర్తిగా పనిచేస్తాయి.

"ఏటే దుర్గా, ఆ సాల్టంటే? మందా?"

"అలాంటిదే పెద్దమ్మా," అంది దుర్గాదేవి ఆవిడ వైపు తిరగకుండానే. "మొక్కల్ని సంపేసేది."

"ఓలమ్మ. పచ్చటి మొక్కని సంపడానికి సేతులెలా వచ్చేయో." రాజులమ్మ తోటకూర కాడ విరిచి, వేళ్ళు తడిచెత్త వేసే పచ్చబుట్టలో వేసింది.

రూపాదేవి పెన్ను తీసి పక్కన పెట్టింది. "నాకు సాయంత్రం దాకా టైమివ్వు దుర్గా."

"సాయంత్రం పంచాయతీ సెక్రటరీ మేడమ్ మన వీధికొస్తంది. నీ సంతకం పడితే రేపట్నుంచి సిన్నమ్మి ఉండదు. పడకపోతే నాకొకటే అనుమానం." దుర్గాదేవి కాగితం మడిచి జాకెట్టులో దోపుకుంది. "మీ ఇంటి నీలం బుట్టలో పడేసిన పాత మగ్గులూ సెప్పులూ మాయమైపోతన్నాయని నువ్వే కదా అన్నావు? దొంగని తెలిసీ ఎందుకు దాస్తన్నావని వీధంతా అడుగుద్ది. ఏం సెప్తావో ఆలోసించుకో."

ఇద్దరూ వెళ్ళిపోయారు. ట్రే మాత్రం మెట్టు మీదే ఉండిపోయింది.

*

తొమ్మిదింటికి ఈల వినిపించింది. చిన్నమ్మి పంచాయతీ చెత్తబండి సందు చివర ఆపి, పక్కవాకిలి తోసుకుని దొడ్లోకి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. భుజాన రబ్బరు చేతితొడుగులు వేలాడుతున్నాయి. రోజూ చేసే పనే మొదలుపెట్టింది. వంటింటి గుమ్మం దగ్గరున్న పచ్చబుట్ట తీసుకుని, డ్రమ్ములో బోర్లించి, ఇనుప కర్రతో కలిపింది.

అడుగున ఒక్క వానపాము కూడా లేదు. పోయిన నెల నుంచే లేవు. ఎండకి చచ్చాయనుకున్నారు.

రాజులమ్మ టీ గ్లాసుతో వచ్చింది. ఇంట్లో అందరూ తాగే స్టీలు గ్లాసే. చిన్నమ్మి మెట్టు మీద కూర్చుని తాగింది.

రాజులమ్మ లోపలికి వెళ్ళేదాకా రూపాదేవి ఆగింది.

"కాయితం సంగతి తెలుసా సిన్నమ్మీ?"

"తెలుసమ్మగోరూ. నాకు సదువు రాదు గానీ, పది మంది నన్ను సూసి మాటాపేస్తే తెలీదేటి?"

"నువ్వేశావా?"

"నాను ఎయ్యలేదు."

"మరెవరు?"

చిన్నమ్మి గ్లాసు కడిగి బోర్లించింది. నీళ్ళు చుక్కలు చుక్కలుగా కారడం చూస్తూ నిలబడింది.

"తెలీదంటే అబద్ధమైపోద్ది. తెలుసంటే పాపమైపోద్ది. నన్నడక్కండి అమ్మగోరూ."

"నీ పని పోతుంది. అర్థమవుతోందా నీకు?"

"అవుతంది." చేతితొడుగులు తొడుక్కుంది. "రేపు నాను రాకపోతే, డ్రమ్ము కలపడం మర్సిపోకండి. పురుగు పట్టేద్ది."

ఈల ఊదుకుంటూ వెళ్ళిపోయింది. రూపాదేవి వాకిలి పట్టుకుని అక్కడే ఉండిపోయింది. చిన్నమ్మి తెలీదనలేదు. ఎవరేశారో తెలిసినా చెప్పనంది. తన మెడ మీద కత్తి ఉన్నా పేరు బయటపెట్టలేనంత దగ్గరి మనిషి ఈ వీధిలో చిన్నమ్మికి ఎవరున్నారు?

*

"పెట్టెయ్," అన్నాడు రూపాదేవి భర్త శ్యాంప్రసాద్.

బస్టాండు దగ్గర అతనికి జిరాక్సు షాపుంది. మధ్యాహ్నం అన్నానికొచ్చి, కంచం ముందు కూర్చుని, నాలుగు ముద్దలు తిన్నాక అన్నాడా మాట.

"చెయ్యని తప్పుకా?"

"చేసిందో లేదో మనకేటి తెలుసు? సంతకం పెట్టేసి, ఆ డ్రమ్ములు కూడా తీసెయ్. ఆరు నెలలయింది రూపా, ఈ ఇంట్లో ఒక్క వస్తువు తిన్నగా పారేసి. అదిగో సూడు."

అతను చూపించిన చోట దండెం మీద కడిగిన పాలకవర్లు బట్టల క్లిప్పులతో వేలాడుతున్నాయి. పదిహేడున్నాయి. ఎండకి మెరుస్తున్నాయి.

"ఆదివారం కోడిమాంసానికి టిఫిన్ క్యారేజీ పట్టుకెళ్తే, ఆ షాపువాడు ఏటన్నాడో తెలుసా? హాస్పిటల్లో ఎవరున్నారు సార్ అనడిగేడు. పదిమందిలో." ముద్ద కలుపుతూ ఆగాడు. "పచ్చబుట్ట, నీలంబుట్ట, ఎర్రబుట్ట. మాత్ర చింపితే ఆ రేకు దేన్లో ఎయ్యాలో నాకిప్పటికీ తెలీదు. జేబులో ఎట్టుకుని షాపుకి పట్టికెళ్ళి అక్కడ పారేస్తన్నాను."

రూపాదేవికి నవ్వు రావాల్సింది. రాలేదు. అంత ఓపిక లేదు.

"అయితే తప్పు నాదే అంటారు."

"అనలేదు."

"అనలేదు. పాలకవర్లు చూపించారు."

అతను మజ్జిగ పోసుకున్నాడు. కంచాలు తీసేటప్పుడు మిగిలిన మెతుకులు పచ్చబుట్టలో వేసిందామె. చేతికి అలవాటైపోయింది. బుట్ట పైన గోడకి అట్టముక్క వేలాడుతోంది. మొదటివారం తన చేత్తోనే రాసింది: ఈ ఇంటి చెత్త ఈ గడప దాటదు.

ఆ అక్షరాలు రాసిన రోజున ఎంత హుషారుగా ఉందో గుర్తుంది. ఆ హుషారు ఎవరిదో అన్నట్టుంది ఇప్పుడు.

*

మూడు దాటాక సందులోంచి అరుపు వినిపించింది.

"కల్లుప్పో. పాత పలాస్టిక్కుకి కల్లుప్పు."

అచ్చియ్యమ్మ సైకిలు దిగి గుమ్మంలోకి తొంగి చూసింది. సైకిలుకి ఒకపక్క ఉప్పు బస్తా, ఇంకోపక్క విరిగిన బకెట్లూ పగిలిన కుర్చీలూ కట్టిన మూట.

"పెద్దమ్మ నేరేటి?"

"పడుకున్నారు. ఏం కావాలి?"

"ఆవిడికి ఉప్పు తెచ్చేను. ఈసారి రెండింతలు తెమ్మంది. మీ మగ్గులు రెండు, సెప్పుల జత ఒకటి అప్పుడే ఇచ్చీసింది. బాకీ నానే ఉన్నాను." కాగితం పొట్లం అరుగు మీద పెట్టింది. మూడు కిలోలకి తక్కువుండదు.

రూపాదేవి ఆ పొట్లాన్ని చూస్తూ నిలబడింది. ఈ ఇంట్లో కూరలోకి ప్యాకెట్టుప్పే వాడతారు. కల్లుప్పు ఆవకాయకి తప్ప ముట్టరు. ఆవకాయ పెట్టి ఎన్నాళ్ళో అయింది.

"ఎన్నాళ్ళ నుంచి తీసుకుంటున్నారు?"

"నాలుగు నెల్లుంటాది. నెలనెలా తప్పదు." అచ్చియ్యమ్మ సైకిలెక్కుతూ నవ్వింది. "ఏటి సేసుకుంటాదో మరి, సేపలెండెడతందేటో."

నాలుగు నెలలు. నీలం బుట్టలో మగ్గులు మాయమవడం మొదలైందీ అప్పుడే.

రూపాదేవి పొట్లం చేత్తో పట్టుకుని లోపలికి నడిచింది.

రాజులమ్మ నిద్రపోవడం లేదు. మంచం మీద కూర్చుని తలగడ కింద ఏదో సర్దుతోంది. కోడల్ని చూడగానే చెయ్యి వెనక్కి తీసుకుంది. తలగడ కింద నుంచి పేపరు ముక్క అంచు బయటికొచ్చింది.

రూపాదేవి లాగి చూసింది.

తన ఫొటోయే. నాలుగు నెలల కిందట పేపరు వాళ్ళొచ్చి తీసింది. డ్రమ్ము పక్కన నిలబడి, రెండు చేతుల నిండా నల్లటి ఎరువు పట్టుకుని నవ్వుతోంది. కింద 'చెత్త లేని ఇల్లు' అని రాసి ఉంది. కాగితం చెమ్మకి గరుకుగా అయిపోయింది. ముఖం చుట్టూ తెల్లటి చారలు.

"ఇదేంటత్తా?"

రాజులమ్మ దొరికిపోయిన పిల్లలా చూసింది. "నువ్వు తిడతావని సెప్పలేదు."

"చెప్పండి. తిట్టను."

"ఈ బొమ్మ పేపర్లో పడ్డ మర్నాడే నీకు జొరం రానేదా? వారం దినాలు లెగిసేవా? ఊరందరి కళ్ళూ పడిపోనాయి. నీకు దిష్టి తీస్తానంటే కూకోవు. అంచేత బొమ్మకి తీస్తన్నాను. ఆదోరం, మంగళోరం, గురోరం. నువ్వు సందేళ సంఘం పనికి ఎల్తావు కదా, అప్పుడు. పిడికెడు కల్లుప్పు, రెండు ఎండుమిరపకాయలు."

"తీశాక ఆ ఉప్పేం చేస్తున్నారు?"

"ఏటి సేస్తాను? పద్ధతైతే మూడు దార్ల కాడ పారబొయ్యాల. ఒకపాలి పోస్తే నువ్వేటన్నావు? లీడరింటి ఉప్పు రోడ్డు మీద పోసేరని దుర్గ నవ్విందని, నువ్వెంత గొడవ సేసేవు నా మీద?" ఆవిడ గొంతులో కోపం లేదు. పాఠం అప్పజెప్పే పిల్లలో ఉండే శ్రద్ధ ఉంది. "ఈ ఇంట్లో పుట్టింది ఈ ఇంట్లోనే కలిసిపోవాలన్నావు. గడప దాటకూడదన్నావు. నానాలోసించేను. ఉప్పు నీళ్ళలో కరిగిపోద్ది. అంటే తడిసెత్తే కదా. అంచేత పచ్చబుట్టలో ఏస్తన్నాను. ఒక్కపాలి కూడా నీలంబుట్టలో ఎయ్యనేదు, సూసుకో."

రూపాదేవి మంచం పట్టె మీద కూర్చుంది.

వారానికి మూడు పిడికిళ్ళు. నాలుగు నెలలు. మర్నాడు పొద్దున్నకల్లా గంజీ కూరగాయ తొక్కల కింద కరిగిపోయి డ్రమ్ములోకి. చిన్నమ్మి బుట్ట బోర్లించేటప్పుడు ఎన్నిసార్లు ఆ మిరపకాయల్ని, ఆ ఉప్పు గల్లుల్ని చూసి ఉంటుందో.

"ఇప్పుడు రెండింతలు తెమ్మన్నారట?"

"మరి? గోయిందు నారు కూడా మాడిపోయిందంటే, దిష్టి నీ కాణ్ణించి మొక్కల దాకా పాకిపోయిందని తెలీటం నేదూ? రెండు పిడికిళ్ళు సేసేను." రాజులమ్మ కోడలి గడ్డం పట్టుకుని ముఖాన్ని తన వైపు తిప్పుకుంది. "ఎంత సిక్కిపోనావో సూడు. ఆ సాల్టు మందేసిన ముండ ఎవత్తో గానీ, దాని సేతులు పడిపోను."

రూపాదేవి నోరు తెరిచింది. సాల్టంటే ఉప్పేనత్తా. రెండు ముక్కల మాట. ఆ మాట అనకుండా ఫొటోని మడిచింది.

ఆవిడ వేళ్ళు ఇంకా గడ్డం మీదే ఉన్నాయి. ఉప్పు పట్టీ పట్టీ పగిలిన వేళ్ళు.

*

అయిదింటికి శ్యాంప్రసాద్ షాపు మూసి వచ్చేశాడు. ఫోనులో విన్నదంతా మళ్ళీ ఒకసారి దొడ్లో నిలబడి విన్నాడు. విని, డ్రమ్ము అంచు మీద చెయ్యేసి లోపలికి చూశాడు.

"అమ్మ పేరు సెప్పకు," అన్నాడు చివరికి.

"మరి చిన్నమ్మి?"

"ఎవరేసేరో తెలీదని సెప్పు."

"తెలీదంటే కాగితం మీద ఉన్న పేరే ఉండిపోతుంది."

"నేను గోవిందరావు మావయ్యకి విడిగా సెప్పుకుంటాను. కాళ్ళట్టుకుంటాను. కానీ అందరి ముందూ వద్దు రూపా." అతని గొంతు తగ్గిపోయింది. "వీధి నవ్వుద్దని కాదు. ఎవరైనా నవ్వుకోనీ. ఆవిడికి తెలియకూడదు. నీ కోసం చేసింది. దానికే నలభై ట్రేల నారు చచ్చిందని తెలిస్తే ఆవిడ ముద్ద దిగదు. ఈ వయసులో."

"నాకు తెలీదా?"

"తెలిస్తే మరి..."

"మీరు సంతకం పెట్టమన్నారు మధ్యాహ్నం. అప్పుడు చిన్నమ్మి ముద్ద సంగతి ఎవరూ అనుకోలేదు."

అతను తల వంచుకున్నాడు. దండెం మీద పాలకవర్లు గాలికి టపటప కొట్టుకున్నాయి.

వీధిలో స్కూటీ ఆగిన చప్పుడైంది.

*

అరుగు ముందు పది పదిహేను మంది చేరారు. సెక్రటరీ మేడమ్ కుర్చీలో కూర్చుని కాగితం చదివింది. దుర్గాదేవి పక్కనే నిలబడి, చదువుతున్న ప్రతి వాక్యానికీ తలూపింది. గోవిందరావు మెట్టు మీద తన ట్రే పక్కనే కూర్చున్నాడు.

చిన్నమ్మి బండి దగ్గరే ఆగిపోయింది. చేతితొడుగులు విప్పి, కడిగి, బండి అంచు మీద ఆరేసింది. రేపు ఇంకొకరు వాడుకోవడానికి పెట్టినట్టుంది.

"రూపాదేవి గారూ, మీ సంతకం ఒక్కటే లేదు," అంది సెక్రటరీ. "మీ డ్రమ్ములోనే జరిగింది కాబట్టి మీ మాటే ముఖ్యం. సంతకం పెడితే ఈమెను రేపట్నుంచి ఆపేస్తాను. పెట్టకపోతే కారణం రాసుకోవాలి."

"పెట్టనండీ."

దుర్గాదేవి నవ్వింది. "నే సెప్పలేదా మేడమ్? దాస్తంది."

"ఈ పని చిన్నమ్మి చెయ్యలేదు. ఆ పేరు కొట్టెయ్యండి."

"కొట్టేసి?" సెక్రటరీ పెన్ను మూత తీసింది. "సాల్టు కలిసిన మాట నిజం. ఈయన నారు పోయిన మాట నిజం. ఆమె కాకపోతే ఎవరు? మీకు తెలుసా?"

శ్యాంప్రసాద్ గుమ్మం పక్క నుంచి భార్య వైపు చూశాడు. ఆ చూపులో దొడ్లో అన్న మాటే ఉంది.

చిన్నమ్మి కూడా చూసింది. తల అడ్డంగా, కనీకనిపించకుండా ఊపింది. వద్దమ్మగోరూ.

ఇద్దరూ ఒకటే అడుగుతున్నారు. అందులో ఒకరికి రేపు పొద్దున్న ఈల ఊదే పని ఉండదు.

"తెలుసు," అంది రూపాదేవి.

వెనక గడప దగ్గర అలికిడైంది. జనం పక్కకి జరిగారు. రాజులమ్మ వస్తోంది. కుడిచెయ్యి పిడికిలి బిగించి ఉంది. వేళ్ళ సందుల్లోంచి ఎర్రటి మిరపతొడిమ ఒకటి బయటికి కనిపిస్తోంది. పొద్దు వాలుతోంది. ఇవాళ మంగళవారం.

"ఏటర్రా, ఇంతమంది దాని మీద పడిపోతన్నారు?" అందావిడ. "పొద్దుట్నుంచీ ఒకటే కళ్ళు. ఒకటే కళ్ళు. రూపా, ఇవాళ తిట్టినా సరే, బొమ్మకి కాదు, నీకే తీస్తాను. కదలకు."

పిడికిలి రూపాదేవి తల చుట్టూ తిరగడం మొదలైంది. ఒక చుట్టు. దుర్గాదేవి కళ్ళు ఆ పిడికిలి మీద పడి, అక్కడే ఆగిపోయాయి.

రెండో చుట్టు.

"పేరు చెప్పండి," అంది సెక్రటరీ.

రూపాదేవి కదల్లేదు. కళ్ళు ఎత్తలేదు. గొంతు నీరసంగానే ఉంది, కానీ వీధి చివరి దాకా వినిపించింది.

"రాసుకోండి. డ్రమ్ములో సాల్టు కలిపింది రాజులమ్మ. మా అత్తగారు."

మూడో చుట్టు మధ్యలో పిడికిలి ఆగిపోయింది. రెండు ఉప్పుగల్లులు జారి రూపాదేవి భుజం మీద పడ్డాయి.

"నానా?" అంది రాజులమ్మ. వంగి కోడలి ముఖంలోకి చూసింది. "అదేటే అలాగంటావు? ఆ సాల్టు మందు ఎలాగుంటాదో కూడా నానెరగను కదే. ఒక్కపాలైనా నా సేత్తో ముట్టేనా, సెప్పు?"